పక్క నుంచి వెళ్లిపోయేవాళ్లం

ఉద్యోగ విరమణ తరువాత సైకిలు తొక్కడం అలవాటు చేసుకున్నాను. వారానికి మూడు రోజులు తెల్లవారుజామునే గుంటూరులో బయలుదేరి, లాం, తాడికొండ మీదుగా అమరావతి దాకా వెళ్లి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరతాను. మొదట్లో తెలిసినవాళ్లు 'బండి అమ్మేశారా మాస్టారూ?' అని అడిగేవారు. సైకిలు తొక్కేవాడంటే బండి కొనలేనివాడనే కదా మన లెక్క!

రోడ్డెక్కితే ఆ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. లారీ దాటేటప్పుడు దాని గాలి ముందు మనిషిని బయటికి నెడుతుంది, మరుక్షణం లోపలికి లాగుతుంది. వెనుక హారన్ మోగిందంటే 'రోడ్డు దిగు' అని ఆజ్ఞ. దిగితే కంకర, ఇసుక. నాకిది ఆరోగ్యం కోసం చేసే వ్యాయామం. అదే దారిలో డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్‌కు, పనికెళ్లే తాపీ కూలీకి అది బతుకు. నాకు హెల్మెట్, వెనుక ఎర్రలైటు అయినా ఉన్నాయి. వాళ్లకవీ లేవు.

మిరపకోతల రోజుల్లో ఒక ఉదయం నన్నో కారు రాసుకుంటూ వెళ్లింది. దాని అద్దం నా హ్యాండిల్‌కు తగిలింది. నేను కంకరలో పడ్డాను. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి. కారు ఆగలేదు. కానీ తలెత్తి చూస్తే దాని వెనుక అద్దం మీద పెద్ద అక్షరాలతో బైబిలు వాక్యం కనిపించింది! తరువాత రెండు మోటారు సైకిళ్లు నెమ్మదించి, చూసి, వెళ్లిపోయాయి. చివరికి ఆగింది కోతలకు వెళ్తున్న కూలీల ఆటో. 'కదలబాకండి బాబాయ్' అంటూ ఒకామె దిగి, పొలంలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో నా గాయాలు కడిగింది. ఆలస్యమైతే మేస్త్రి ఊరుకోడని పక్కామె అంటూనే ఉంది. అయినా నేను లేచి నిలబడేదాకా ఆ ఆటో కదల్లేదు.

వారం రోజులు ఆ కారు మీద కోపంతో రగిలిపోయాను. విశ్వాసి అయ్యుండి ఇలా చేస్తాడా అని ఇంట్లో అందరితో అన్నాను. ఆదివారం వచ్చింది. ఆరాధనకు ఆలస్యమవుతోందని కారు వేగంగా నడుపుతున్నాను. ముందు ఒక ముసలాయన సైకిలు మీద వెళ్తున్నాడు. ఆపకుండా హారన్ కొట్టాను. ఆయన గబుక్కున కంకరలోకి దిగి, కాలు ఆనించి, తూలి నిలబడ్డాడు. అది అద్దంలో చూశాను. చూసి కూడా వెళ్లిపోయాను. చర్చి దగ్గర కారు దిగాక వెనుక అద్దం వైపు చూస్తే, అక్కడ నేను అంటించుకున్న వాక్యం కనబడింది. ఆ రోజు పాటలో నా గొంతు కలవలేదు.

మంచి సమరయుని ఉపమానాన్ని (లూకా 10:30-37) మనం ఎన్నోసార్లు విన్నాం. యెరూషలేము నుంచి యెరికోకు దారి సుమారు వెయ్యి మీటర్ల లోతుకు దిగుతుంది. దిగుడులో ఆగడం ఎంత కష్టమో సైకిలు తొక్కేవాడికి తెలుసు. అయితే యాజకుణ్ణి ఆపనివ్వనిది ఆ దిగుడు కాదు. అతడు దొంగ కాదు, ఎవరినీ కొట్టలేదు, అతని భక్తిలో లోపమూ మనకు కనబడదు. చూసి, పక్క నుంచి వెళ్లిపోయాడు, అంతే. ప్రభువు ఆ కథ దొంగల గురించి చెప్పలేదు, మనలాంటివాళ్ల గురించే చెప్పాడు.

ఆశ్చర్యమేమంటే, ఈ ఉపమానాన్ని మన చట్టమే గుర్తుపెట్టుకుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ప్రమాద బాధితుడికి సద్భావంతో సాయపడేవాణ్ణి 'గుడ్ సమారిటన్' అనే పిలుస్తుంది. అతనిపై కేసులు రాకుండా కాపాడుతుంది. కాబట్టి 'పోలీసుల గొడవ మనకెందుకు' అనే సాకు ఇక చెల్లదు. బ్రిటన్ 2022లో తన రహదారి నియమావళిని సవరించి, ఎక్కువ హాని చేయగల వాహనం నడిపేవాడిదే ఎక్కువ బాధ్యత అని రాసుకుంది. గంటకు 30 మైళ్ల వేగం వరకు సైకిలుకు కనీసం 1.5 మీటర్ల దూరం వదిలి దాటాలంది, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. బలవంతులు బలహీనుల భారం మోయాలని పౌలు రోమా సంఘానికి ఎప్పుడో బోధించాడు (రోమా 15:1). మన రోడ్ల మీద మాత్రం బలహీనుడే బలవంతుడికి దారి ఇవ్వాలి!

మన సాక్ష్యం కారు అద్దం మీద కాదు, ఆ కారు నడిపే తీరులో ఉంది. సైకిలు కనబడితే వేగం తగ్గించడం, చేతనైనంత దూరం వదలడం, పడినవాడి దగ్గర ఆగడం కూడా ఆరాధనలో భాగమే. పది నిమిషాలు ముందుగా బయలుదేరితే అది సాధ్యమే. నేను నా కారు మీది వాక్యాన్ని తీసేయలేదు. దానికి తగ్గట్టు నడపడం నేర్చుకుంటున్నాను. ఆ కూలీ తల్లి కారుకు ఏ వాక్యమూ లేదు, అసలామెకు కారే లేదు. అయినా ఆ ఉదయం సువార్త ప్రకటించింది ఆమే.