పిల్లల వివరాలకు కాపలా ఎవరు?

రాయచూరు జిల్లాలోని మన తెలుగు బడుల్లో చదివే పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఇప్పుడు హాజరుపట్టీకే పరిమితం కాదు. కర్ణాటక విద్యాశాఖ ‘శాట్స్’లో ప్రతి విద్యార్థి వివరాలూ నమోదు చేయాల్సిందే. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ భద్రమన్నది మన ఇంటి ప్రశ్న కూడా.

విండోస్ వంటి క్లోజ్డ్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. లినక్స్ వంటి ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు. కోడ్ దాచితే దొంగకు దారి దొరకదని కొందరంటారు. పదిమందీ చూస్తేనే లోపం బయటపడుతుందని మరికొందరంటారు.

జరిగినవి చూస్తే రెండు మాటలూ పూర్తిగా నిలబడవు. 2017 మే నెలలో వన్నాక్రై దాడి విండోస్ లోపం గుండా వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోని యంత్రాలు చిక్కుకున్నాయి. ఇక ఓపెన్ సోర్స్ అయిన ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2014 ఏప్రిల్‌లో వెల్లడయ్యే నాటికి రెండేళ్లుగా అందులోనే ఉంది. కోడ్ తెరిచి ఉంటే చాలదు, చదివేవారు కూడా ఉండాలి.

ఉపాధ్యాయులకు తెలిసిన దీక్షా యాప్‌నే తీసుకుందాం. దానికి పునాది అయిన సన్‌బర్డ్ ఓపెన్ సోర్సే. అయినా 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోన్ నంబర్లు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు ఇంటర్నెట్‌లో రక్షణ లేకుండా పడి ఉన్నాయని 2023 జనవరిలో బయటపడింది. అక్కడ లోపం కోడ్‌లో కాదు, సమాచారం దాచిన సర్వరుకు తాళం వేయకపోవడంలో ఉంది.

అలాగని రెండూ ఒకటేనని కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. కొత్తవి కొనలేని బడికి లినక్స్ మంచి దారి, అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా దానిపైనే పాఠాలు చెబుతున్నాయి. అయితే అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు.

వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో మనం మూడు సంగతులు అడగాలి. బడి కంప్యూటరుకు అప్‌డేట్లు ఎవరు వేస్తున్నారు? పాస్‌వర్డ్ ఎందరి దగ్గర ఉంది? పిల్లల వివరాలకు మరో ప్రతి ఎక్కడ భద్రపరిచారు? వీటికి జవాబుదారీ ఒకరు ఉన్న తర్వాతే ఏ సాఫ్ట్‌వేర్ అన్న చర్చకు అర్థం.