ఫార్మాట్ కొట్టే ముందు మావయ్యగారిని అడగండి

కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మన ఊళ్ళల్లో మందు ఒకటే. "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్!" షాపు కుర్రాడు మౌస్ పట్టుకున్న రెండో నిమిషంలో ఈ మాట అనేస్తాడు. మనమూ సరే అంటాం. సామాను మొత్తం వీధిలో పారేసి ఇంటికి సున్నం వేస్తానంటున్నాడని మనకి అప్పుడు తెలియదు కదా! నా పోపుల పెట్టెలో జీలకర్ర గిన్నె పక్కకి జరిగితేనే నాకు ఆ పూట చెయ్యి ఆడదు. అలాంటిది, రోజూ ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని అడక్కుండా అందులో ఉన్నదంతా మార్చేయడం తప్పని నా అభిప్రాయం. మా ఇంట్లో జరిగింది చెప్తాను, మీరే చూడండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. అంతకు ముందు నుంచే తెర మీద ఆ కబురు కనిపిస్తూ ఉండేది. మావారికి కంగారు ఎక్కువ. బ్యాంకు పనులన్నీ అందులోనే చేస్తారు మరి. ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే సంక్రాంతి దాకా ఆగి, నిదానంగా చేసుకునేవాళ్ళం. మా డెస్క్‌టాప్ 2019లో కొన్నది. అందులో ఉన్నది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 కూడా ఉంది కాబట్టి విండోస్ 11కి పనికొచ్చింది. అంతకన్నా పాతవాటికి మామూలు దారిలో అది ఎక్కదు.

కార్తీక మాసం మొదట్లో ఒక సాయంత్రం కుర్రాడు వచ్చి, గంటలో పని ముగించి, టీ తాగి వెళ్ళాడు. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే ప్రోగ్రాములు, ఫాంట్లు మామూలుగా అలాగే ఉండిపోతాయట. అతను అలా కాకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేశాడు. తేడా ఏమిటో మేము అడగలేదు, అతను చెప్పలేదు.

మర్నాడు మూడు ఫిర్యాదులు. పాట పెడితే శబ్దం లేదు. కింద మూల స్పీకర్ బొమ్మ నొక్కి చూస్తే, శబ్దం స్పీకర్లకి కాకుండా మానిటర్‌కి పోతోంది. మార్చాను, అయిపోయింది. ప్రింటర్ కదల్లేదు. జాబితాలోంచి తీసేసి, దాని మోడల్ నంబరు చూసి డ్రైవర్ మళ్ళీ వేస్తే కదిలింది. ఇవేమీ గొప్ప విద్యలు కావు. మిక్సీ తిరక్కపోతే ముందు ప్లగ్గు చూసే ఏ ఇల్లాలైనా చేయగలదు.

మూడోది మావయ్యగారిది. "అమ్మాయ్, నా కొల్లేరు ఏమైంది?" అన్నారు. వెళ్ళి చూస్తే తెర నిండా తలా తోకా లేని ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, చుక్కలు. ఒక్క తెలుగు ముక్క లేదు.

మావయ్యగారు కొల్లేటి లంకల్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ళుగా ఆ జ్ఞాపకాలు టైపు చేసుకుంటున్నారు. తమ్మిలేరు, బుడమేరు ఒక్కసారే పొంగితే నీళ్ళు ఉప్పుటేరు దాటక ఊళ్ళు ఎలా మునిగేవో, తాటిదోనెల్లో పిల్లలు బడికి ఎలా వచ్చేవారో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఎవరింట్లో ఏం వండేవారో, 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఎవరెవరు ఏమయ్యారో, అన్నీ కలిపి 140 పేజీలు. అదంతా ఇంకెక్కడా లేదు.

కుర్రాడికి ఫోన్ చేశాను. "ఫైళ్ళు కరప్ట్ అయిపోయాయండి. డీ డ్రైవ్ కూడా ఫార్మాట్ కొట్టి మళ్ళీ నీట్‌గా వేసేస్తా." ఈసారి వద్దన్నాను. అదే గనక సరే అని ఉంటే ఇవాళ ఈ వ్యాసం వేరేలా ఉండేది.

మా అబ్బాయి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రాత్రి వీడియో కాల్‌లో చూపించాను. "ఫైల్ సైజు ఎంతుందమ్మా?" అన్నాడు. ఇదివరకు ఉన్నంతే ఉంది. "అయితే ఏమీ పోలేదు. ఫాంటు లేదంతే" అన్నాడు.

నేను చదివింది బీయే తెలుగు. అక్షరం అంటే నశించనిదని పాఠంలో చెప్పారు గానీ, కంప్యూటర్లో అది రెండు రకాలుగా బతుకుతుందని ఎవరూ చెప్పలేదు. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించి ఉన్నాయి. అందులో 'క' ఎక్కడికి వెళ్ళినా 'క'యే. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచే గౌతమి ఫాంటుతో ఆ వీలు ఉంది. కానీ మన డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో రాజ్యమేలినవి అను ఫాంట్ల వంటివి. వాటి పద్ధతి వేరు. ఫైల్లో నిజంగా ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం కడుతుంది. పెళ్ళి శుభలేఖలు, వారపత్రికలు, పుస్తకాలు బోలెడన్ని అలాగే అచ్చయ్యాయి. కాగితం మీదికి వచ్చేశాక ఆ వేషంతో పని లేదు. మావయ్యగారు నేర్చుకున్నది కూడా ఒక డీటీపీ సెంటర్లోనే, ఆ కోవ ఫాంటుతోనే. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ ఫాంటు పోయింది, వేషం ఊడిపోయింది.

ఇక్కడ రెండు సంగతులు మాకు కలిసొచ్చాయి, మీకూ పనికొస్తాయి. ఒకటి, వర్డ్‌లో ఫైలు తెరిస్తే, ఆ ఫాంటు కంప్యూటర్లో లేకపోయినా పైన ఫాంటు గడిలో దాని పేరు కనిపిస్తుంది. తనకి ఏం కావాలో ఫైలే చెప్తుందన్నమాట. రెండు, కుర్రాడు పాత విండోస్‌ని పూర్తిగా తుడవలేదు. అది సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్లో పడి ఉంది. అందులో విండోస్, అందులో ఫాంట్స్ తెరిస్తే ఆ పేరుతో ఫాంటు దొరికింది. కాపీ చేసి ఇన్‌స్టాల్ నొక్కి ఫైలు మళ్ళీ తెరిచాను. మొదటి పేజీ మొదటి మాట 'లంక' కనిపించింది. మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ పాత ఫోల్డర్ని విండోస్ పది రోజులకి తనంతట తానే తీసేస్తుందని అబ్బాయి చెప్పాడు. అప్పటికి ఏడో రోజు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. చదవడానికి వచ్చింది గానీ రాయడానికి రాలేదు. ఆయన కీబోర్డు సాఫ్ట్‌వేర్ పాతది, కొత్త విండోస్‌లో తెరుచుకోలేదు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, అమ్మ అని ఇంగ్లిషులో కొడితే అమ్మ అని పడుతుంది, నేను వాడేదీ అదే. చూపించాను. రెండు రోజులు తంటాలు పడ్డారు. ఏళ్ళ తరబడి వేళ్ళకి అలవాటైన చోటు 78వ ఏట మారదు. మూడో రోజు నుంచి కంప్యూటర్ దగ్గరికి రావడం మానేశారు. "పర్లేదమ్మా, రాసినంత చాలు" అన్నారు. ఆ మాటకి నాకు గిల్టీగా అనిపించింది. బ్యాంకు పనులకి భద్రత వచ్చింది, ఇంట్లో అందరికన్నా పెద్దాయన చేతిలోంచి కలం జారిపోయింది. మా ముగ్గురిలో అప్‌గ్రేడ్‌కి ఖరీదు కట్టినది ఆయనొక్కరే, అడగనిదీ ఆయన్నే.

పాతదాన్ని పట్టుకుని వేలాడకూడదంటారు. నిజమే, నెట్‌కి తగిలే కంప్యూటర్ విషయంలో నేనూ అదే అంటాను. కానీ నెట్ జోలికే పోని యంత్రం పాతదైతే ఏం పోయింది? అటక మీద అబ్బాయి పాత లాప్‌టాప్, విండోస్ 7ది ఉంది. దించి దుమ్ము దులిపి, బీరువాలో ఉన్న సీడీతో ఆయన సాఫ్ట్‌వేర్ వేశాం. వైఫై కట్టేశాం. మళ్ళీ పొద్దున్నే కాఫీ అవగానే టక టకమని చప్పుడు మొదలైంది. ఇప్పుడు ఆటపాక పక్షుల దగ్గరికి వచ్చారు.

ఆదివారాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నేను యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతాయి గానీ వాటిని నమ్మి ఊరుకోకూడదు. కొర్రమీనులో వత్తు పక్క అక్షరం మీదికి దూకింది. ఇంగిలాయి, వాలుగ క్షేమం. అందుకని ప్రతి పేజీ ప్రింటు తీసి ఆయనకి ఇస్తున్నాను. అసలు ఫైళ్ళు, ఆ ఫాంటు ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి మా ఆడపడుచుకి పంపాను. వార పత్రికలకి రాసినవాళ్ళో, సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ళో మీ ఇంట్లో ఉంటే, కుర్రాణ్ణి పిలిచే ముందే ఈ పని చేయండి. పావుగంట పట్టదు.

నిన్నటి పేజీ ఇవాళ దిద్ది ఇచ్చారు. 'నత్తగుల్లకొంగ'లో ఒక వత్తు ఎగిరిపోయింది, నేను చూసుకోలేదు. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన "పదిసార్లు రాయి" అని రాశారు.