వైద్యుని పేజీ: పెద్దచెట్టు, ఉప్పునీరు, ఖర్జూరపు ముల్లు

ఈ పేజీలో ఇంతవరకు చక్కెర జబ్బు, రక్తపోటు, నడుము నొప్పి గురించే వ్రాస్తూ వచ్చాను. ఈ నెల చెట్ల గురించి వ్రాయవలసి వచ్చింది. ఒక విల్లాలో డ్రైవరు పనీ, తోట పనీ రెండూ చూసుకునే రాజంపేట సోదరుడు మొన్న అడిగాడు: "ముంగిట్లో పెద్ద రేగుచెట్టుంది డాక్టరుగారూ. ఆకు రాలి కారు పాడవుతోందని కొమ్మలన్నీ కొట్టెయ్యమంటున్నాడు బాబా. కొడితే బతుకుతుందా?" చెట్లతో డాక్టరుకేం పని అని నవ్వకండి. ఆ చెట్టెక్కేది మనవాడే, ముల్లు దిగేదీ మనవాడికే.

కువైటీలు సిద్ర్ అని పిలిచే ఆ చెట్టు మన రేగుకు దగ్గర చుట్టం. పండును కనార్ అంటారు. ఆకు కలిపిన నీళ్ళతో శవానికి స్నానం చేయించడం వారి ఆచారం, అందుకని పెద్దవాళ్ళకు ఆ చెట్టంటే గౌరవం. కొట్టవద్దన్న మాట మీ నోట కన్నా ఆ ఇంటి ముసలమ్మ నోట వస్తే పని సులువవుతుంది.

సోదరుడి ప్రశ్నకు జవాబు: లేతచెట్టయితే చిగురిస్తుంది, ముసలిచెట్టుకు నమ్మకం లేదు. మనకు గాయమైతే లోపలి కండా, పైన చర్మమూ కొత్తగా పుట్టి పూడుకుంటాయి. చెట్టుకు ఆ భాగ్యం లేదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మానులను నిలువునా కోయించి చూసి 1970లలో తేల్చిన సంగతి ఇది: చెట్టు గాయాన్ని మాన్పుకోదు, చుట్టూ గోడ కట్టి కుళ్ళును అక్కడే బంధిస్తుంది. క్షయ క్రిములను మన ఊపిరితిత్తులు గూడుకట్టి బంధించినట్టే. ఒకేసారి పది పెద్దకొమ్మలు నరికితే పది గోడలు కట్టే ఓపిక వయసు మళ్ళిన చెట్టుకు ఉండదు. పైగా దానికి అన్నం వండిపెట్టే ఆకును మనమే తీసేశాం.

కనుక ఎండిపోయినవి, ఇంటిమీదికి ఒరిగినవి మాత్రం తీయండి, అదీ చలికాలంలో. కొమ్మ పుట్టినచోట మెడపట్టీలా ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని కోయకుండా, దాని అవతల కోయండి. తారూ, పెయింటూ పూయడం చూసేవారి తృప్తికే. నడివేసవిలో నీడ తీసేస్తే బెరడు కాలి పగులుతుంది. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది, మరిచిపోవద్దు.

ఇక నీళ్ళు. ఈ దేశంలో ఏడాది మొత్తం వాన పన్నెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. చాలా ఇళ్ళకు మంచినీటి గొట్టం వేరు, తోటకు వాడే ఉప్పుటి భూగర్భజలాల గొట్టం వేరు. ఆ ఉప్పునీటిని రోజూ సాయంత్రం మొదట్లో కాసిని చల్లితే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మొదలు చుట్టూ తెల్లని పొర కనబడితే అదే. చెట్టు దాహంతో వాడిపోతోందని మర్నాడు ఇంకాస్త చల్లుతాం. రోగం ముదరడానికి మనమే మందు వేస్తున్నామన్నమాట. నీరు పీల్చే సన్నవేళ్ళు మొదట్లో ఉండవు. కొమ్మల నీడ ఆగేచోటా, దాని అవతలా ఉంటాయి. అక్కడ నిండా పెట్టండి. ఉప్పు వేళ్ళకంటే క్రిందికి దిగేదాకా పారనిచ్చి, నేల లోపలి తడి తగ్గాక మళ్ళీ పెట్టండి. ఎండలో పడివున్న రబ్బరు గొట్టంలోని మొదటి నీళ్ళు చర్మం ఊడేంత మరిగి ఉంటాయి. కాసేపు ఖాళీ నేలమీద వదలండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

కోనోకార్పస్‌కు మాత్రం నేను వకాల్తా పుచ్చుకోను. దాని వేళ్ళు మురుగు గొట్టాల్లో దూరతాయి. గోడపక్కన ఉంటే అది ప్లంబరుకు సంబంధించిన కేసు.

ఖర్జూరం సంగతి వేరు. దానికి ఒక్కటే మొవ్వు, మన తాడికీ, కొబ్బరికీ మల్లే. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. అందం కోసం పచ్చిమట్టలు కొట్టకండి, ఎండినవి చాలు. పచ్చిగాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి వాలుతుంది. కొబ్బరిమీద దాని ప్రతాపం గోదావరి జిల్లాలవారికి నేను చెప్పనక్కరలేదు. గల్ఫులో అది 1980ల నడుమ బయటపడింది. మానునుంచి గోధుమరంగు జిగురు కారడం, పులిసిన వాసన, నమిలిన పీచు కనబడడం గుర్తులు. చెవి ఆనిస్తే ఒక్కోసారి కొరికే చప్పుడు వినబడుతుందంటారు. స్టెతస్కోపుతో నేనూ ప్రయత్నించాను. నాకు వినబడిందల్లా వీధిలో వెళ్ళే లారీ.

చెట్టెక్కేవారికి రెండు మాటలు. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో బయటి పని నిషేధం. విల్లా గోడల వెనక లెక్కచూసేవారు ఉండరు, ఆ గంటలు మీరే పాటించాలి. తోటివాడు తడబడి మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే, చెమట పట్టినా పట్టకపోయినా అది వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి విసురుతూ 112కు ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి.

రెండోది ముల్లు. మట్ట మొదట్లో ఉండే ఖర్జూరపు ముల్లు మోకాలిలోనో, వేలి కణుపులోనో దిగి, కొన విరిగి లోపల ఉండిపోతుంది. పైగాయం నాలుగు రోజుల్లో మూసుకుంటుంది. వారాలకో, నెలలకో కీలు వాస్తుంది. ఎక్స్‌రేలో ముల్లు కనబడదు. మాత్రలకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వాస్తుంది. కీళ్ళవాతమని మందులు మింగుతూ తిరిగినవారిని చూశాను. అల్ట్రాసౌండులో దొరకవచ్చు, తీసేస్తే నయమవుతుంది. కానీ ముల్లు గుచ్చుకున్న సంగతి రోగి చెబితేనేగా వెతికేది! ఆనాడు చిన్నదని మరిచిపోతాడు, లేదా భాష రాక ఊరుకుంటాడు. చేతికి మందపాటి తోలు తొడుగులు, కంటికి అద్దాలు, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో ఒక కాగితంమీద. ముల్లు గుచ్చుకున్న తేదీ కూడా అక్కడే వ్రాసుకోండి. అరబ్బు డాక్టరయితే వాచినచోటు చూపించి "శోక్ నఖల్" అనండి, ఖర్జూరపు ముల్లని ఆయనకు తెలుస్తుంది.