పొలంలో ఇద్దరూ, కాగితంలో ఒక్కరే!

సాగునీరు, మద్దతు ధర, పంట నష్టం గురించి ఈ పేజీలో రాస్తూనే ఉన్నాం. ఈ నెల మన ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున ఉండే కాగితాల సంగతి మాట్లాడుకుందాం. సంఘం ముందుకు వస్తున్న పంచాయితీల్లో అన్నదమ్ముల తగాదాలు, భర్త పోయిన ఆడవాళ్లకు అత్తింటివాళ్లతో వచ్చే తగాదాలు చాలా ఉంటున్నాయి. అన్నింటికీ మూలం ఒక్కటే. చెమట నలుగురిది, కాగితంలో పేరు ఒకరిది.

భూమి ఎవరిదని అడిగితే మన ఊళ్లలో పాసుపుస్తకం తెచ్చి చూపిస్తారు. కోర్టుకు పోతే ముందు అడిగేది దస్తావేజు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదని, పేరు పోయినంత మాత్రాన హక్కు పోదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రలో భూమి హక్కుల చట్టం తెచ్చి, 2024లో రద్దు చేశారు. ప్రభుత్వాలు మారితే రికార్డుల తీరు మారుతుంది. రిజిస్టరు అయిన దస్తావేజు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక అన్నదమ్ముల సంగతి. ఇద్దరూ కలిసి కష్టపడి రెండెకరాలు కొంటారు. ఆ రోజు తమ్ముడికి తీరిక ఉండదు, అన్న ఒక్కడే రిజిస్ట్రేషన్‌కు పోతాడు. దస్తావేజు అన్న పేరు మీదే అవుతుంది. అన్న బతికున్నంత కాలం మాట నిలబడుతుంది. తర్వాత అన్న కొడుకులు కాగితం తీస్తారు. కలిసి ఉంటున్నామంటే సరిపోదు, ఆ భూమి ఉమ్మడి ఆస్తి రాబడితో కొన్నదని తమ్ముడే రుజువు చేసుకోవాలి. ఇరవై ఏళ్ల కిందటి డబ్బుకు రుజువు ఎక్కడ తెస్తాడు?

ఇద్దరి పేర్లూ ఉన్నా వాటాలు రాయకపోతే ఇంకో చిక్కు. ఎవరు ఎంత డబ్బు పెట్టారో దాన్నిబట్టి వాటా అని 45వ సెక్షన్ చెబుతుంది. రుజువు లేకపోతే సగం సగం. మూడు వంతుల డబ్బు పెట్టినవాడు కూడా సగంతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. వాటా ఎంతో దస్తావేజులో ఒక్క వాక్యం రాసుకుంటే ఈ గొడవ ఉండదు. ఉమ్మడి భూమిలో ఒకడు మొత్తం అమ్మేసినా కొన్నవాడికి వచ్చేది ఆ అమ్మినవాడి వాటానే. ఇది కొనేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోతున్నది మన ఇంటి ఆడవాళ్లు. నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది వాళ్లు. పెళ్లయినంత మాత్రాన భర్త పేరున్న భూమిలో భార్యకు వాటా రాదు. విడిపోతే భరణం అడగవచ్చు గానీ పొలంలో సగం ఇవ్వమనే హక్కు మన చట్టంలో లేదు.

ఒక లెక్క చూడండి. భర్త సొంత సంపాదనతో తన పేరు మీదే నాలుగెకరాలు కొన్నాడనుకుందాం. వీలునామా రాయకుండా పోయాడు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి, భార్య, కొడుకు, కూతురు నలుగురికీ సమానం. భార్యకు వచ్చేది ఒక్క ఎకరం. అదే భూమిని భార్యాభర్తలు చెరిసగం అని రాసి కొని ఉంటే రెండెకరాలు ఆమెవే. భర్త రెండెకరాల్లో మరో అరెకరం వస్తుంది. మొత్తం రెండున్నర ఎకరాలు. దస్తావేజులో ఒక పేరు చేర్చినందుకు ఎకరన్నర తేడా! ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ లెక్క వేరు, అయినా దస్తావేజులో భార్యకు రాసిన వాటా భార్యదే.

తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. పాసుపుస్తకం లేని ఆడమనిషి పొలంలో పాము కరిచి పోయినా ఆ ఇంటికి రూపాయి రాదు. రికార్డు దృష్టిలో ఆమె రైతే కాదు.

భార్య పేరు పెడితే భూమి పుట్టింటికి పోతుందని కొందరు అంటారు. అది అపోహ. ఆమె వీలునామా రాయకుండా పోతే ఆ వాటాపై మొదటి హక్కు పిల్లలది, భర్తది.

కూతుళ్ల హక్కు విషయంలో మన రాష్ట్రం దేశం కన్నా ముందే నడిచింది. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఇచ్చింది. 2005లో దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లకు కూడా ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా విరాసత్ సమయంలో ఆడబిడ్డను పిలిచి చీర పెట్టి సంతకం తీసుకోవడం ఆగలేదు. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చామని నోటిమాటగా చెబుతారు, దస్తావేజు మాత్రం చేయరు. దానంగా ఇచ్చే భూమికి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

సభ్యులందరికీ మేం చెప్పేది ఇది. కొనే రోజే ఇద్దరి పేర్లూ, వాటాలూ రాయించండి. పేరు పెరిగినందుకు స్టాంపు ఖర్చు పెరగదు. తర్వాత మార్చాలంటే గిఫ్టు దస్తావేజు, మళ్లీ ఖర్చు. తెల్లకాగితం పంపకాలు ఉన్నవాళ్లు పెద్దవాళ్లు బతికుండగానే రిజిస్టరు చేయించుకోండి. ఈసీ తీసి పేర్లు, సర్వే నంబర్లు సరిచూసుకోండి. చదివి వినిపించని కాగితం మీద మీరు సంతకం పెట్టవద్దు, ఇంట్లో ఆడవాళ్లతో పెట్టించవద్దు.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సిందీ ఉంది. భార్యకు, కూతురికి వాటా రాసిచ్చే దస్తావేజులకు స్టాంపు సుంకం పూర్తిగా ఎత్తివేయాలి. పాసుపుస్తకం లేకపోయినా సాగుచేసే ఆడవాళ్లకు బీమా ఇవ్వాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశాలకు మీ దస్తావేజుల నకళ్లు తీసుకుని, భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.