దేశం పెద్దదైతే సంక్షేమం సాగదా?

స్వీడన్‌లో బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భృతి లభిస్తుంది. ఈ మాట ఎత్తగానే, "అక్కడి జనాభా సుమారు కోటి, 33 కోట్లు దాటిన అమెరికాలో అది సాధ్యమా?" అని కొందరు కొట్టిపారేస్తారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. జనం ఎక్కువైతే పన్ను చెల్లించేవారూ ఎక్కువే కదా! 1965లో వృద్ధుల ఆరోగ్య బీమా చట్టం చేసింది ఆ అమెరికాయే. మరుసటి ఏడు అమలులోకి వచ్చేసరికి దాదాపు 1.9 కోట్ల మంది అందులో చేరారు.

అసలు చిక్కు వేరే ఉంది. స్వీడన్ ప్రజలు అధిక శాతం సరుకులపై 25 శాతం పన్ను కడతారు. ముఖమెరుగని వారి బిడ్డ కోసం అంత ఇవ్వడానికి మనసొప్పాలి. ఆ నమ్మకం ఒక్కసారిగా దేశమంతటా కుదరదు. ఒక రాష్ట్రంలో మొదలుకావచ్చు. కెనడాలో 1962లో సస్కచెవాన్ రాష్ట్రం అందరికీ వైద్య బీమా తెచ్చినప్పుడు అక్కడి వైద్యులే మూడు వారాలకు పైగా సమ్మె చేశారు. పదేళ్లు తిరగకముందే మిగిలిన రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాయి.