వెడల్పు చేశాక ఇస్తారట!

"బస్సులకి వేరే లేన్ ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదు, ముందు రోడ్డు వెడల్పు కానివ్వండి." నగరాల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ మాట వినబడుతుంది. వినడానికి ఎవరికీ నష్టం లేని న్యాయంలాగే ఉంటుంది. కార్ల లేన్లు కార్లకే ఉంచి, బస్సుకీ, నలుగురు కలిసి ఎక్కిన కారుకీ పక్కన ఇంకొకటి కలుపుతారన్నమాట. ఆ ‘కలపడం’ మీదే నా పేచీ.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి రోడ్లతో ఏం పని అనొచ్చు. మాట వెనక ఎవరున్నారో చూడటమే మేం నేర్చుకున్న విద్య. ‘ట్రాఫిక్’ అన్నప్పుడు లెక్కపెట్టేది వాహనాల్ని. ఇంజనీర్ల లెక్కలో బస్సు సుమారు మూడు కార్ల పెట్టు. అది ఆక్రమించే జాగాని బట్టి వేసిన లెక్క. లోపల అరవై మంది ఉన్నా, ఆరుగురున్నా ఆ అంకె మారదు. ఇక ‘విస్తరణ’. రోడ్డు దేని మీదికి విస్తరిస్తుంది? ఫుట్‌పాత్ మీదికి, అక్కడ పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి మీదికి, బస్‌స్టాప్‌కి నీడనిచ్చే చెట్టు మీదికి. కార్లని నొప్పించకుండా బస్సుకి లేన్ ఇవ్వాలంటే ఆ ఖర్చు నడిచేవాళ్ళే కట్టాలి. నడిచేవాళ్ళెవరు? పనికి ఎలా వెళ్తారని 2011 జనగణన అడిగింది. నడిచో, బస్సెక్కో వెళ్ళేవాళ్ళ పాలు మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువని తేలింది. అదీ పనికి వెళ్ళే దారి గురించే. బడికి, ఆస్పత్రికి, రేషన్ షాపుకి మనం తిరిగే తిరుగుడు గురించి ఆ ప్రశ్నలో చోటే లేదు.

లేన్ కలపడానికీ, కార్ల నుంచి తీసుకోవడానికీ ఉన్న తేడా 1976లో లాస్ ఏంజిలస్‌లో బయటపడింది. ఆ మార్చిలో శాంటా మోనికా ఫ్రీవే మీద అప్పటికే ఉన్న లేన్లలో ఒక్కో వైపు ఒకదాన్ని బస్సులకీ, ముగ్గురూ అంతకన్నా ఎక్కువమంది ఉన్న కార్లకీ కేటాయించారు. ఊరు భగ్గుమంది. ఆగస్టులో కోర్టు ఆపేసింది. ఆ రాష్ట్ర రవాణా శాఖకి అప్పుడే అధిపతిగా వచ్చిన ఏడ్రియానా జియాంటుర్కో ఆ పదవిలో మొదటి స్త్రీ. పథకం ఆమె రాకముందే తయారైంది. అయినా తిట్లన్నీ ఆమెకే. ఇంటిపేరుని వంకర తిప్పి ‘జెయింట్ టర్కీ’ అని గేలి చేశారు. ఆ తర్వాత కాలిఫోర్నియా ఎక్కువగా కొత్త లేన్లు కలుపుకుంటూ పోయింది.

కార్‌పూల్ గురించి కూడా మాట్లాడాలి. అదే నగరంలో ఎల్ మాంటే బస్‌వే 1973లో బస్సుల కోసం మొదలైంది. తర్వాత ముగ్గురున్న కార్లని రానిచ్చారు. 2000 జనవరిలో ఇద్దరున్నా చాలన్నారు. లేన్ కిక్కిరిసింది, బస్సులు నత్తనడక పట్టాయి. కొద్ది నెలల్లోనే రద్దీ వేళల్లో ముగ్గురి నియమం మళ్ళీ తేవాల్సి వచ్చింది. కార్‌పూల్‌కి కూడా ఎవరికో ఒకరికి కారుండాలి కదా. బస్‌స్టాప్‌లో నిలబడ్డ మనిషి తర్వాతే దాని వంతు.

మన దేశంలో ఇదే కథ ఢిల్లీలో జరిగింది. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు రోడ్డు మధ్యలో బస్సులకి దారి ఇచ్చారు. లోపాలున్నాయి. సిగ్నళ్ళ దగ్గర ఎదురుచూపులు ఎక్కువ, మధ్యలో ఉన్న స్టాప్‌కి చేరడానికి కార్లని దాటాలి. సరిచేయాల్సిన లోపాలే అవి. పత్రికలు మాత్రం ఆ రోడ్డుని కారు అద్దంలోంచే చూశాయి. బస్ లేన్ తీసేయమని వేసిన పిటిషన్‌ని 2012లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అయినా 2015లో ప్రభుత్వమే వదులుకుంది. 2016 జనవరిలో పగలగొట్టడం మొదలుపెట్టింది. ఆ నెలలోనే సరి-బేసి నియమం పెట్టి, భద్రత పేరుతో స్త్రీలు నడిపే కార్లకి మినహాయింపు ఇచ్చింది. స్టీరింగ్ పట్టుకున్న స్త్రీ కనబడింది. బస్సు రాడ్డు పట్టుకుని వేలాడే స్త్రీ ఎందుకు కనబడలేదు?

ఇప్పుడు మన సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచిదే, దాన్ని వెక్కిరించేవాళ్ళతో నాకు పొత్తు లేదు. కానీ టికెట్ తీసేసినంత మాత్రాన దారి దొరకలేదు. బస్సు నిండా మనమే ఉన్నా, ఆ బస్సు కార్ల వెనకే ఆగి ఉంటుంది. ఇంటికి ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సింది కూడా మనమే.

అందుకని వెడల్పు చేశాక ఇస్తామనే లేన్ మనకి వద్దు. ఇవాళ ఉన్నవాటిలోంచి, రద్దీ ఎక్కువగా ఉన్న రోడ్ల మీదే, ఒకటి తీసి బస్సుకి ఇవ్వాలి. ఫుట్‌పాత్ అంగుళం కూడా తగ్గకూడదు. కార్లకి ఇబ్బంది కాదా అంటారు. అవుతుంది. ఇన్నేళ్ళూ ఆ ఇబ్బంది బస్సులో నిలబడి పడ్డవాళ్ళు అడుగుతున్నారు, కొంచెం మీరూ పంచుకోండని.