రూపకం ఎవరికి అర్థం కాదు?

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో ఏ సినిమా ఆఫీసులో పాట సిట్టింగ్ జరిగినా ఒక మాట వినబడుతుంది: "బాగుంది సార్, కానీ జనానికి ఎక్కదు. డైరెక్టుగా చెప్పేద్దాం." అంతే, చరణంలోంచి రూపకం లేచిపోతుంది. దర్శకుడూ నిర్మాతా సరే, రచయితలు కూడా దీన్ని అనుభవసారంగా నమ్మడం మొదలుపెట్టారు. ఇది అబద్ధం. బి, సి సెంటర్లంటూ జనాన్ని చిన్నచూపు చూసే అబద్ధం.

ఆ మాట అనేవాళ్ళు ఎలా మాట్లాడతారో వినండి. బొమ్మ వంద రోజులు ఆడిందంటారు. సెకండాఫ్ జారిందంటారు. కథకు వెన్నెముక లేదంటారు. ఇవన్నీ రూపకాలే, గదిలో టీలు అందించే కుర్రాడికి కూడా వీటి అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మనిషి ఆలోచనే రూపకాల మీద నడుస్తుందని భాషాశాస్త్రవేత్త లేకాఫ్, తత్త్వవేత్త జాన్సన్ కలిసి 1980లో ఒక పుస్తకమే రాశారు. మన ఆలంకారికులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే దాని పనితీరు చెప్పారు. "గంగలో పల్లె ఉంది" అంటే నీళ్ళలో ఊరేమిటని మనసు ఒక్క క్షణం ఆగుతుంది, వెంటనే గట్టు మీది పల్లెను పట్టుకుంటుంది. ముఖ్యార్థానికి అడ్డు తగిలిన చోట ఇంకో అర్థం ఉందని వినేవాడు గ్రహిస్తాడు. రూపకాన్ని గుర్తుపట్టడమూ ఇలాగే. దీనికి చదువు అక్కర్లేదు.

అక్కర్లేదనడానికి పల్లెల్లో కావలసినంత సాక్ష్యం ఉంది. అడవిలో పుట్టి, ఇంటికొచ్చి చిందులేసేది ఏమిటని అవ్వ అడిగితే ఆరేళ్ళ పిల్ల కవ్వమని చెప్పేస్తుంది. అసలు వస్తువు పేరెత్తకుండా పోలికనే నిలబెట్టడాన్ని పండితులు రూపకాతిశయోక్తి అన్నారు. ఆ పిల్లకు అది ఆట. దేహాన్ని తొమ్మిది చిల్లుల తోలుతిత్తి అన్న తత్త్వాలను అక్షరం రాని కూలీలు తరతరాలుగా పాడుకున్నారు. మన బడులు మాత్రం లక్షణం బట్టీ పట్టించి, "అలంకారాన్ని గుర్తించండి" అని మార్కులకు అడుగుతాయి. రూపకం పండితుల సొత్తన్న భ్రమ అక్కడే మొదలవుతుందని నా అనుమానం.

సినిమాల్లోనే చూద్దాం. 1986లో వచ్చిన 'సిరివెన్నెల'లో కథానాయకుడు చూపులేని వేణుగాన విద్వాంసుడు. సీతారామశాస్త్రి అతనికి సృష్టినంతా నాదంగా చూపించే పాట రాశారు. ఊపిరి తీస్తే కవిత్వం, వదిలితే పాట. అందులోని సంస్కృత పదాలు ఇవాళ్టికీ చాలామందికి తెలియవు. అయినా పాట ఇంటింటికీ వెళ్ళింది, సినిమా పేరు రచయిత ఇంటిపేరై కూర్చుంది. పదం తెలియకపోయినా చూపులేనివాడికి లోకం శబ్దంగానే అందుతుందన్నది కళ్ళముందు కనబడుతోంది కదా! దర్శకుడు విశ్వనాథ్ సన్నివేశం రూపకానికి దారి వేసింది. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చిన 'మాతృదేవోభవ' పాటలో చనిపోబోయే తల్లి రాలే పువ్వు. అన్నీ తేలిక మాటలే. పువ్వంటే ఎవరని హాల్లో పక్కవాణ్ణి అడిగినవాళ్ళెవరు?

పాతకాలం ముచ్చట అనకండి. 2021లో 'పుష్ప'కు చంద్రబోస్ రాసిన పాటలో వెలుగు ఆకుకు తిండి, ఆకు మేకకు, మేక పులికి. ఎర్రచందనం దొంగ కథను ఆకలి గొలుసుగా చెప్పిన పాట అది. పక్కా మాస్ సినిమాలో పాట మొత్తం రూపకం మీదే నిలబడింది. ఎక్కదన్న మాట ఏమైంది?

నిజమే, కొన్ని పాటలు జనానికి అందవు. అందకపోవడానికి కారణం రూపకం కాదు, సన్నివేశం ఆదుకోని తెలియని పదం. లేదంటే వినేవాళ్ళ బతుకులో లేని వస్తువు. ఇంకొన్నిసార్లు పోలిక అరిగిపోయి ఉంటుంది. చందమామ ముఖం, గులాబీ పెదవి విన్న మనసు ఆగదు, ఆగనప్పుడు అర్థం కోసం వెతకదు. ఈ మూడు జబ్బులకూ సిట్టింగుల్లో ఒకటే మందు వేస్తున్నారు: పోలికను పీకేయడం. తెలియని పదాన్ని మార్చడానికి పది నిమిషాలు పడుతుంది. పోలిక పోతే ఆ పాటకు ప్రాణం ఎక్కడినుంచి తెస్తారు?

చరణం కొట్టేసే ముందు కూతవేటు దూరంలోని కృష్ణానగర్‌కు వెళ్ళండి. షూటింగ్ ముగించుకొచ్చిన లైట్‌మ్యాన్లకూ జూనియర్ ఆర్టిస్టులకూ ఒకసారి పాడి వినిపించండి. "ఇదేంటి సార్?" అని వాళ్ళు ఏ పదం దగ్గర ఆపితే ఆ పదం మార్చండి. రూపకం జోలికి వెళ్ళకండి.